మన్యం కొండదారుల్లో రాజమహేంద్రవరం నుంచి అరకు వరకు: చరిత్ర తెలిసేలా ఎలా వెళ్ళాలి?

పాతపటం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. డిసెంబరు చివరి వారంలో హైదరాబాదు నుంచి కారులో రాజమహేంద్రవరం చేరి, అక్కడి నుంచి తూర్పు కనుమల్లోకి ఎక్కి రంపచోడవరం, అడ్డతీగల, రాజవొమ్మంగి, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విశాఖపట్నంలో దిగాలని అనుకుంటున్నాము. కారులో నేను, నా భార్య, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, బడిలో చరిత్ర పాఠాలు చెప్పి ఉద్యోగ విరమణ చేసిన మా నాన్నగారు ఉంటాము. ఆయనకు మోకాళ్ళ నొప్పులు ఉన్నందువల్ల ఎక్కువ దూరం నడవలేరు, మెట్లు ఎక్కలేరు. అయితే అల్లూరి సీతారామరాజు తిరిగిన నేలను కళ్ళారా చూడాలన్నది ఆయనకు చాలా కాలంగా ఉన్న కోరిక.

లంబసింగి మంచు, అరకు కాఫీ తోటలు, బొంగులో చికెన్ గురించి సమాచారం ఎక్కడ వెతికినా దొరుకుతోంది. మన్యం విప్లవం జరిగిన చోట్లను ఒక దారిలో కలుపుతూ చెప్పేవారు మాత్రం కనిపించడం లేదు. నేను అనుకుంటున్న దిశలోనే వెళ్ళడం మంచిదా, తిరగేసి వెళ్ళాలా? కారు దిగి ఎక్కువ నడవకుండానే చూడగలిగిన చారిత్రక స్థలాలు ఏవి? రాత్రి బసకు ఏ ఊళ్ళు అనువుగా ఉంటాయి? ఆ దారుల్లో తిరిగినవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

తాండవ తీరం:

పాతపటం గారూ, నమస్కారం. మాది నర్సీపట్నం దగ్గర ఒక పల్లె. మీ నాన్నగారి కోరిక చదివి సంతోషం కలిగింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు చెప్పిన ఊళ్ళన్నింటినీ ఇప్పుడు 516ఈ జాతీయ రహదారి కలుపుతుంది. రాజమహేంద్రవరంలో మొదలై రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వైపు సాగే ఆ రహదారి దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు ఉంటుంది. దాన్నే పట్టుకుని వెళితే కొయ్యూరు నుంచి నేరుగా లంబసింగి ఎక్కుతారు. నా సలహా అది కాదు. నర్సీపట్నం వచ్చి, అక్కడి నుంచి లంబసింగి ఘాట్ ఎక్కండి. ఒక పూట ఎక్కువ పట్టినా సరే, పగటి వెలుగులో, నెమ్మదిగా ఎక్కండి.

కారణం చెబుతాను. మన్యం విప్లవానికి దారితీసిన బాధల్లో ఈ దారి కూడా ఒకటి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు సాగు మీద, అడవిలోకి రాకపోకల మీద ఆంక్షలు పెట్టి కొండవాళ్ళ బతుకును ఇరుకున పడేసింది. ఆ తరువాత నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేసే పని మొదలైనప్పుడు, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులను బలవంతంగా పనికి తోలి, ఇవ్వవలసిన కూలి సరిగా ఇవ్వకుండా, ఎదురు మాట్లాడినవారిని హింసించాడు. బాస్టియన్‌తో వైరం వల్ల పదవి, భూమి పోగొట్టుకున్న బట్టిపనుకుల గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర తరువాత సీతారామరాజుకు కుడిభుజాలయ్యారు. ఈనాడు మనం మంచు చూడటానికి హాయిగా ఎక్కుతున్న ఆ మలుపుల వెంట మొదట గునపం పట్టినవాళ్ళు ఎవరో, ఎలాంటి స్థితిలో పట్టారో తెలిసి ఎక్కితే ఆ ప్రయాణం తీరే వేరు. మీ అమ్మాయికి నాన్నగారు ఈ పాఠం చెప్పడానికి లంబసింగి ఘాట్‌ను మించిన తరగతి గది దొరకదు.

ఇక స్థలాల సంగతి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా మూడు రోజులు దాడులు జరిగాయి. తుపాకులు, తూటాలు తీసుకుని, తీసుకున్నవాటి వివరం స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడు రాజు. రాజవొమ్మంగి స్టేషన్‌లో బందీగా ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించారు. మూడు ఊళ్ళ మధ్య దూరాన్ని, అడ్డంగా ఉన్న కొండలను చూస్తే, ఆనాడు సరైన దారి లేని అడవిలో అంత వేగంగా ఎలా కదలగలిగారన్న ప్రశ్న దానంతట అదే పుడుతుంది. అడవిని ఎరిగిన గిరిజనులు ముందు నడవకపోతే ఆ వేగం సాధ్యమయ్యేది కాదు. కారులో కూర్చుని కిలోమీటర్లు లెక్కపెట్టినప్పుడు ఈ విషయం పుస్తకంలో కన్నా బాగా బోధపడుతుంది.

మీ నాన్నగారు తప్పక చూడవలసిన ఊరు కృష్ణదేవిపేట. మేము కె.డి.పేట అంటాము, దారిలో ఎవరినైనా అడిగేటప్పుడు కూడా అలాగే అడగండి. రాజు 1917లో ఈ ప్రాంతానికి వచ్చి, తాండవ నది ఒడ్డున ఉన్న ఈ ఊరిని తన చోటు చేసుకున్నాడు. 1924 మే 7న మంప దగ్గర పట్టుబడి, విచారణ కూడా లేకుండా కొయ్యూరులో మేజర్ గుడాల్ చేతిలో కాల్పులకు బలైన తరువాత ఆయన దేహాన్ని తీసుకొచ్చింది కూడా ఇక్కడికే. ఆయన సమాధి, గంటందొర సమాధి ఉన్న చోటును ఇప్పుడు ఉద్యానవనంగా తీర్చారు. కారు దిగిన తరువాత నడక చాలా తక్కువ. ఉదయం పూట వెళితే రద్దీ ఉండదు, నాన్నగారు కావలసినంత సేపు కూర్చోవచ్చు. రాజు మరణించిన దాదాపు నెల రోజులకు, 1924 జూన్‌లో, గంటందొర కూడా పోరాడుతూ చనిపోయాడు. మల్లుదొర అండమాను జైలుకు వెళ్ళి బతికి తిరిగివచ్చి 1952లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. రాజు ఒక్కడి కథగా కాకుండా ఈ అన్నదమ్ముల కథగా కూడా మీ అమ్మాయికి చెప్పించండి.

నర్సీపట్నంలోనే మరొక జాడ ఉంది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో విప్లవకారుల చేతిలో మరణించిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారుల సమాధులు ఈ ఊళ్ళో ఉన్నాయి. ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను పోనిచ్చి, వెనుక వస్తున్న ఆంగ్ల అధికారులనే గురిచూసి కాల్చారన్నది ఆ పోరాటంలో అందరికీ తెలిసిన ఘట్టం. ఈ సమాధులను, కె.డి.పేట సమాధులను ఒకే రోజు చూడగలగడం చరిత్ర చెప్పినవారికి విలువైన అవకాశం.

కాబట్టి నా మాట ఇది. రంపచోడవరం వైపు వెళ్ళకుండా, రాజమహేంద్రవరం నుంచి తుని, కోటనందూరు మీదుగా నర్సీపట్నం వచ్చేయండి. కె.డి.పేట, మంప, కొయ్యూరు చూసి నర్సీపట్నంలో బస చేసి, మరునాడు లంబసింగి ఎక్కండి.

గోదావరి గట్టు:

తాండవ తీరం గారు లంబసింగి దారి గురించి రాసినది అక్షరాలా నిజం. అయితే రంపచోడవరం వదిలేయమనడం మాత్రం నాకు సమ్మతం కాదు. పాతపటం గారూ, మీరు మొదట అనుకున్న దిశే సరైనది.

రంప పేరు చరిత్రలోకి ఎక్కింది 1922లో కాదు. అంతకు 43 ఏళ్ళ ముందు, 1879లోనే రంప తిరగబడింది. అక్కడి మన్సబుదారు (సర్కారు కింద ఆ ప్రాంతాన్ని ఏలే దొర) కల్లు మీద చిగురుపన్ను వేయడం, అప్పులిచ్చిన మైదాన వ్యాపారులు కోర్టుల అండతో కొండవాళ్ళ పంటను, పశువులను జప్తు చేయడం భరించలేక ముఠాదారులు (ముఠా అనే కొండ ఊళ్ళ సముదాయానికి పెద్దలు), రైతులు కలిసి తిరుగుబాటు చేశారు. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య వంటివారు ముందు నిలిచారు. అడ్డతీగల పోలీసు స్టేషన్‌ను చంద్రయ్య మనుషులు తగలబెట్టారు. ఆ మంటలు గూడెం, భద్రాచలం, రేకపల్లి వరకు పాకాయి, అణచడానికి సర్కారుకు ఏడాదికి పైగా పట్టింది. చివరకు మన్సబుదారును తొలగించక తప్పలేదు. 1922 అక్టోబరులో సీతారామరాజు అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్ల మీదకు వచ్చేనాటికి తాతల కాలం పోరాటం అక్కడి ముసలివాళ్ళకు ఇంకా గుర్తుంది. అడ్డతీగలకు వస్తున్నానని ముందే కబురు పెట్టి మరీ వచ్చాడు రాజు. ఆ ఊరు ముందు తరంలో ఏం చూసిందో తెలిస్తే ఆ కబురు బరువు అర్థమవుతుంది.

అందువల్ల రాజమహేంద్రవరం నుంచి గోకవరం మీదుగా రంపచోడవరం వెళ్ళండి, దాదాపు యాభై కిలోమీటర్ల పైచిలుకు. ఊరికి దగ్గరలోనే రంప గ్రామం, పాత శివాలయం ఉన్నాయి. అక్కడి నుంచి అడ్డతీగల, రాజవొమ్మంగి మీదుగా కె.డి.పేట చేరండి. అప్పుడు 1879 ముందు, 1922 తరువాత వస్తాయి. తాండవ తీరం గారు చెప్పినట్టు రాత్రికి నర్సీపట్నం చేరి, మరునాడు ఆ ఘాట్ ఎక్కవచ్చు. రెండూ కుదురుతాయి, ఏదీ వదులుకోనక్కరలేదు.

ఒక పూట అదనంగా ఉంటే రంపచోడవరం నుంచి మారేడుమిల్లి కూడా చూడండి, ముప్పై కిలోమీటర్ల లోపే. మన్యంలో కాఫీ మొక్క మొదట పాదుకున్నది ఆ పక్కనున్న పాములేరు లోయలోనే, 1898లో. మీరు తరువాత పాడేరు, అరకుల్లో చూడబోయే కాఫీ అంతటికీ వెనుక కథ అక్కడ మొదలవుతుంది. బొంగులో చికెన్ సంగతి అందరూ చెప్పేదే అయినా, రోడ్డు పక్కన చేసే తీరు దగ్గరగా నిలబడి చూడండి. పచ్చి వెదురును కణుపు దగ్గర కోసి, మసాలా పట్టించిన కోడిమాంసం అందులో కూరి, మూతిని ఆకుతో బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వేయరు. వెదురులోని తేమకే ముక్క ఉడికి, బొంగు పైపొర నల్లగా మాడేసరికి లోపల సిద్ధమవుతుంది. ఎండిన వెదురుతో చేసే చోట తినకండి, ఆ రుచి రాదు.

మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగే ఘాట్ చాలా అందమైనదే కానీ, అది మిమ్మల్ని శబరి, భద్రాచలం వైపు తీసుకుపోతుంది. ఈసారి అటు దిగకుండా వెనక్కి రండి.

ఘాట్ చక్రం:

చరిత్ర పెద్దలు చెప్పారు కాబట్టి నేను బండి సంగతి మాత్రమే చెబుతాను. అద్దె కారు నడిపే పని మీద ఈ కొండల్లో తిరుగుతుంటాను.

సూర్యాస్తమయం తరువాత ఏ ఘాట్‌లోనూ ఉండకుండా రోజును లెక్కవేసుకోండి. డిసెంబరులో ఐదున్నరకే చీకటి పడుతుంది, లంబసింగి, పాడేరు వైపు పొగమంచు మొదలైతే పది అడుగుల ముందు కూడా కనిపించదు. పొగమంచులో హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి మన కళ్ళలోనే పడుతుంది, లోబీమ్ మీదే నడపాలి. దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడకుండా, ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. మైదానంలో తిరిగే డ్రైవర్లు ఇక్కడే తడబడతారు. బ్రేకు వేడెక్కి మాడువాసన వస్తే వెడల్పైన చోట ఆపి అరగంట చల్లారనివ్వండి. మలుపులో హారన్ కొట్టండి, ఎక్కుతున్న బండికి దారి ఇవ్వండి.

జాతీయ రహదారి విస్తరణ పనులు కొన్ని చోట్ల సాగుతున్నాయి కాబట్టి ఫోనులో పటం చూపించే సమయానికి గంటో గంటన్నరో కలుపుకోండి. సిగ్నల్ ఊళ్ళలో ఉంటుంది, మధ్యలో ఉండదు. పటాన్ని ముందే ఫోనులో దింపుకోండి. కొండ ఎక్కే ముందు నర్సీపట్నంలో ట్యాంకు నింపుకోండి. గంజాయి రవాణా అరికట్టడానికి పోలీసులు చెక్‌పోస్టుల దగ్గర డిక్కీ తెరిపించి చూస్తారు, కుటుంబంతో ఉన్నారా లేదా అన్న తేడా ఉండదు. బండి కాగితాలు చేతికి అందేలా పెట్టుకుని సహకరిస్తే ఐదు నిమిషాల్లో పంపిస్తారు.

ఇంకొక మాట. డిసెంబరు చివరి వారం, పైగా శనాదివారాలు కలిస్తే లంబసింగిలో కార్లు బారులు తీరి ఉంటాయి. గది ముందే మాట్లాడుకోండి, లేదా నర్సీపట్నంలోనే ఉండి వారం మధ్యలో ఎక్కండి. పాడేరు జిల్లా కేంద్రం కాబట్టి అక్కడ బస, ఆసుపత్రి, పెట్రోలు బంకు అన్నీ ఉన్నాయి. పెద్దాయన ఉన్నారు కాబట్టి కొండ మీద రాత్రికి పాడేరే మేలు.

పాతపటం:

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మీరు రాసినవి నాన్నగారికి చదివి వినిపించాను. రంపచోడవరం నుంచే మొదలుపెట్టి, కె.డి.పేట చూసుకుని నర్సీపట్నంలో ఆగి, మరునాడు ఘాట్ ఎక్కాలని నిర్ణయించాము. మారేడుమిల్లి వెళితే ఒక పూట పోతుంది, దామనపల్లి వైపు వెళ్ళినా ఒక పూట పోతుంది. రెండింటిలో ఒక్కదానికే వీలుంది. నాన్నగారు దామనపల్లి అంటున్నారు, మా అమ్మాయి మారేడుమిల్లి అంటోంది. మీరేమంటారు? లంబసింగి దాటిన తరువాత అరకు వరకు ఎక్కడ ఆగాలో కూడా దయచేసి చెప్పండి.

తాండవ తీరం:

గోదావరి గట్టు గారి మాట ఒప్పుకుంటున్నాను, 1879ని ముందు చూసి రావడమే సబబు.

దామనపల్లి విషయంలో నాన్నగారికి ఒక సంగతి చెప్పండి. అది చింతపల్లి దాటి గూడెం కొత్తవీధి వైపు లోపలికి వెళ్ళే ప్రాంతం. ఆ కనుమ అప్పట్లో కాలిబాట. దాడి జరిగిన చోటు చూడాలంటే కారులో కూర్చుని అయ్యే పని కాదు, ఆయన మోకాళ్ళకు కష్టం. అందుకే మారేడుమిల్లి వెళ్ళండి. దామనపల్లి ఎలాంటి నేల మీద జరిగిందో ఆయనకు తెలియాలంటే లంబసింగి ఘాట్‌లోనే వెడల్పైన మలుపు దగ్గర కారు ఆపి, లోయ వైపు కాకుండా కొండ వైపు చూడమనండి. నిటారుగా లేచిన గట్టు, అడుగు దూరంలో మనిషి ఉన్నా కనిపించని పొదలు, ఒక్కరి వెనుక ఒక్కరే నడవగలిగినంత సందు. పైన మాటువేసినవాళ్ళకు కింది దారి అంతా అరచేతిలో ఉన్నట్టే. సర్కారు మలబారు పోలీసులను, తరువాత అస్సాం రైఫిల్స్‌ను దించినా దాదాపు రెండేళ్ళు ఎందుకు పట్టిందో ఆ గట్టు చూస్తే ఆయనకు వెంటనే తెలిసిపోతుంది.

లంబసింగిలో మంచు చూడాలంటే తెల్లవారకముందే చెరువులవేనం వైపు వెళ్ళేవాళ్ళు ఎక్కువ. అది ఎక్కడం పెద్దాయనకు వద్దు. తాజంగి జలాశయం గట్టు దగ్గర కారు ఆపితే చాలు, నీటి మీద నుంచి మంచు లేవడం కూర్చున్న చోటి నుంచే చూడవచ్చు. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, చలి ఒక్కొక్క ఏడు సున్నా దాకా దిగుతుంది. చెవులకు గుడ్డ, కాళ్ళకు మేజోళ్ళు మరిచిపోకండి.

చింతపల్లి నుంచి పాడేరు వైపు దారి పొడవునా సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మొదళ్ళను చుట్టుకుని మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ. మీరు వెళ్ళేసరికి పళ్ళు కోసే కాలం. ఇళ్ళ ముందు టార్పాలిన్ల మీద తోలు తీసిన గింజలను ఆరబోసి, గంటకొకసారి కాలితోనో పారతోనో కలియదిప్పుతుంటారు. అడిగితే చేతిలో పెట్టి చూపిస్తారు. జిగురు కడిగేసిన గింజ లేత పసుపు రంగులో ఉంటుంది, దానికి కాఫీ వాసనే ఉండదు. ఆ వాసన వేయించిన తరువాతే వస్తుందని మీ అమ్మాయి అక్కడ తెలుసుకుంటుంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పోడు చేసుకోనివ్వని చట్టం మీద తిరగబడిన వాళ్ళ మనుమలు, మునిమనుమలు ఇప్పుడు ఆ కొండల మీదే తమ తోటలో పంట తీస్తున్నారు. నాకు ఈ దారిలో అన్నిటికన్నా సంతోషం కలిగించేది అదే. కొనదలిస్తే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి, కాఫీతో పాటు తేనె, చింతపండు కూడా దొరుకుతాయి. దారిలో సంత తగిలితే మాత్రం కాసేపు ఆగండి. పసుపు, రాజ్మా, కొండచీపుళ్ళు, అడ్డాకులు తట్టల్లో తెచ్చి అమ్ముతారు. బేరమాడకండి.

పాడేరులో మోదకొండమ్మ గుడి ఊళ్ళోనే ఉంది, కారు దగ్గర వరకు వెళుతుంది. వంజంగి మేఘాల కొండ నాన్నగారికి కుదరదు, మీరు, అమ్మాయి వెళ్ళి రావచ్చు. పాడేరు నుంచి అరకు నలభై అయిదు కిలోమీటర్ల పైమాట, దారిలో డుంబ్రిగుడ దగ్గర చాపరాయి వాగు. అరకులో గిరిజన మ్యూజియం చాలు, మిగతావి చూసినా చూడకపోయినా ఒకటే. అనంతగిరి మీదుగా శృంగవరపుకోట దిగేటప్పుడు గాలికొండ దగ్గర ఆగండి. 1960లలో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజం కోసం ఆ కొండలను తొలిచి వేసిన రైలు మార్గం, దాని సొరంగాలు లోయకు అవతల గీతలా కనిపిస్తాయి.

కె.డి.పేటకు బయలుదేరే రోజు ముందుగా ఇక్కడ ఒక మాట రాయండి. ఆ సమయానికి నేను ఊళ్ళో ఉంటే, నాన్నగారిని తాండవ ఒడ్డు దాకా కారులో తీసుకువెళ్ళే దారి నేనే దగ్గరుండి చూపిస్తాను.